రాష్ట్రమొస్తే ఈ బూడిద ఎవరికొస్తాది?

యర్రగుంట్ల దాటి ముద్దనూరు దోవలో ఒక ఊళ్లో మీటింగు. శ్రీబాగ్ ఒడంబడిక గురించి చెబుతున్నాం. 1937 నవంబరు 16న కోస్తా పెద్దలు మనకేం రాసిచ్చారు, 1953లో కర్నూలుకు వచ్చిన రాజధాని మూడేళ్లకే ఎట్లా ఎగిరిపోయింది, కృష్ణా నీళ్లలో మన వాటా ఏమైంది... అన్నీ చెప్పాం. జనం చప్పట్లు కొట్టారు. ఇక లేద్దామనుకునేసరికి రచ్చబండ అంచున కూర్చున్న ఒక ముసలాయన చెయ్యెత్తాడు.

"అంతా బాగుంది నాయనా. రాష్ట్రమొస్తే కరెంటు మనకొస్తాదంటిరి. ఈ బూడిద ఎవురికొస్తాది?"

వేదిక మీదున్న వాళ్లం ఒకరి మొగం ఒకరు చూసుకున్నాం. నీళ్ల లెక్క మా దగ్గరుంది, నోటికొచ్చు. ఉద్యోగాల లెక్కుంది. బూడిద లెక్క లేదు. ఎవరో ఒకరు "అది తర్వాత చూద్దాం పెద్దాయనా" అన్నారు. ఆ ఒక్కరూ నేనే. అందుకే ఈ వ్యాసం.

ఇది హాస్యానికి అడిగిన ప్రశ్న కాదు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఏం పంచారో, ఎట్లా పంచారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. కరెంటును వాడకం లెక్కన పంచారు. అంతకు ముందు అయిదేళ్లలో ఎవరు ఎంత వాడారో చూసి తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 46.11 శాతం అన్నారు. ప్లాంట్లను మాత్రం ఉన్నచోటును బట్టి పంచారు. ఏ గడ్డ మీదున్నది ఆ గడ్డకు. విభజన చట్టం 12వ షెడ్యూలులో జెన్‌కో గురించి ఉన్నది అదే మాట. మరి బూడిద? దాన్ని ఎవరూ పంచలేదు. ఎక్కడ పడిందో అక్కడే ఉండిపోయింది.

రేపు రాయలసీమ రాష్ట్రం వస్తే అదే సూత్రం. ఆర్‌టీపీపీ మనకొస్తుంది. సంతోషం! ఆ కేంద్రం కోసం, సీమ హక్కుల కోసం కొట్లాడిన డాక్టర్ ఎం.వి.రమణారెడ్డి పేరే ఇవాళ దానికి ఉంది. పోరాడి తెచ్చుకున్నదే. కానీ 1994లో మొదటి యూనిట్ వెలిగిన నాటినుంచి అక్కడ పోసిన బూడిదంతా కూడా మనకే వస్తుంది. 2014 దాకా ఇరవై ఏళ్ల పాటు ఆ కరెంటుతో హైదరాబాదు వెలిగింది, విశాఖ వెలిగింది, విజయవాడ వెలిగింది. వెలుగు పంచుకున్న వాళ్లలో ఒక్కరు కూడా బూడిదలో పిడికెడు పంచుకోలేదు. మేం కూడా ఆ కరెంటు వాడుకున్నాం కదా అంటారు. అవును, వాడుకున్నాం. మేం వాడుకున్న దానికి మా వాటా బూడిద మోస్తాం. మిగతాది ఎవరు మోయాలి?

రోజుకు ఎన్ని లారీలు?

లెక్క కట్టడం పెద్ద బ్రహ్మవిద్య కాదు. 210 మెగావాట్ల యూనిట్లు అయిదు, 2018లో వచ్చిన 600 మెగావాట్లది ఒకటి. మొత్తం 1,650 మెగావాట్లు. ఒక యూనిట్ కరెంటు పుట్టడానికి సుమారు 700 గ్రాముల బొగ్గు కాలాలి. మన దేశపు బొగ్గులో వందకు 35 పాళ్లు అటూఇటూగా బూడిదే. కేంద్రం నిండా నడిచిన రోజున దాదాపు నాలుగు కోట్ల యూనిట్లు. అంటే 27 వేల టన్నుల బొగ్గు, 9 వేల టన్నులకు పైగా బూడిద. అన్ని రోజులూ అంత నడవదు, ఒప్పుకుంటాను. సగమే నడిచిందనుకోండి. లారీకి 16 టన్నుల చొప్పున రోజుకు 280 లారీల బూడిద. రోజుకు!

ఈ బూడిద అంతా ఒక రకం కాదు. ఇది తెలియకపోతే మోసం ఎక్కడ జరుగుతుందో తెలియదు. పొగతో పాటు పైకిపోయే సన్నటి బూడిదను విద్యుత్ పలకలతో పట్టి, పొడిగా సైలోల్లో నింపుతారు. మైదాపిండిలాగా ఉంటుంది. అదే ఎక్కువ భాగం, నూటికి 80 పాళ్ల దాకా. బాయిలర్ అడుగున పడే ముద్ద బూడిదను నీళ్లు కలిపి గొట్టాల్లో చెరువుకు తోస్తారు. ఎవరూ తీసుకుపోని పొడి బూడిద కూడా ఆ చెరువుకే పోతుంది. కరువు సీమలో బూడిదను సాగనంపడానికి కూడా నీళ్లే కావాలి, చూడండి! ఆ నీళ్లు మన రిజర్వాయరువే. ఎండాకాలం ఆ చెరువు ఎండుతుంది. పడమటి గాలి లేస్తుంది. ఆ తర్వాత ఏమవుతుందో చెరువు కింది ఊళ్లలో బట్టలారేసే ఆడవాళ్లను అడగండి, నన్నడక్కండి.

సన్నబూడిదకు గిరాకీ ఉంది. యర్రగుంట్ల, చిలమకూరు, నల్లలింగాయపల్లె, జమ్మలమడుగు, అవతల తాడిపత్రి... చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలే. పోజొలానా సిమెంటులో నూటికి 35 పాళ్ల దాకా బూడిద కలపవచ్చునని భారతీయ ప్రమాణమే చెబుతుంది. క్లింకర్ కాల్చే బొగ్గు మిగులుతుంది, సున్నపురాయి మిగులుతుంది, గాలిలోకి పోయే కర్బనం తగ్గుతుంది. అంతా మంచిదే. సర్క్యులర్ ఎకానమీ అని ఈమధ్య ఢిల్లీ నుంచి గల్లీ దాకా మోగుతున్న మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఒకరి చెత్త ఇంకొకరి ముడిసరుకు. చక్రం తిరుగుతుంది. బస్తాలో మూడోవంతు బూడిద వచ్చి చేరినప్పుడు బస్తా ధర మూడోవంతు తగ్గిందా అని మాత్రం అడగకండి. కొట్టువాడు నవ్వుతాడు.

ముద్ద బూడిద కథ వేరు. తడిగా ఉంటుంది, గరుకుగా ఉంటుంది, ఒక లోడు ఉన్నట్టు ఇంకో లోడు ఉండదు. సిమెంటు వాడికి అంత ముద్దు కాదు. ఇటుకలకు, రోడ్డు కట్టలకు, గుంతలు పూడ్చడానికి పనికొస్తుంది. అంటే ఊళ్లకు పనికొచ్చేది అది. కష్టమైన చెత్త ఊళ్లకు, సులువైన సరుకు కంపెనీలకు. సరే, అదైనా ఊళ్లకు దక్కిందా?

2024 నవంబరులో రాష్ట్రమంతా చూసింది. ఆ బూడిద లారీలు తాడిపత్రి సిమెంటు ఫ్యాక్టరీకి పోవాలా వద్దా, ఎవరి లారీలు పోవాలి అని జమ్మలమడుగు నేతల వర్గం, తాడిపత్రి నేతల వర్గం రోడ్డెక్కాయి. లారీలు ఆగాయి, పోలీసులు దిగారు. చివరికి ముఖ్యమంత్రి పంచాయితీ చేయాల్సి వచ్చింది. కోస్తావాళ్లను తిట్టడం తేలిక. నేనూ తిడతాను, అది మన హక్కు! కానీ ఆ లారీలకు అడ్డం నిలబడింది కోస్తావాళ్లా? మనోళ్లే. రెండువైపులా మనోళ్లే. బూడిద పీల్చిన ఊరు ఆ పంచాయితీలో ఏ వైపునా లేదు. ముప్పై ఏళ్లు అది చెత్తగా ఉన్నప్పుడు ఊరిది, రూపాయి పలికిన నాడు నాయకుడిది. గాలికి పోయిన పేలపిండి కృష్ణార్పణమన్నట్టు, గాలికి పోయేది మాత్రం ఇప్పటికీ ఊరికే అర్పణం!

చట్టం చుట్టం ఎవరికి?

చట్టం లేదా అంటే ఉంది. 1999 సెప్టెంబరులో కేంద్రం మొదటి బూడిద నోటిఫికేషన్ ఇచ్చింది. ఇటుక బట్టీలవాళ్లు మట్టిలో బూడిద కలపాలని, థర్మల్ కేంద్రాలు ఉచితంగా ఇవ్వాలని అందులోనే ఉంది. 2009 సవరణలో ఇంకా మంచి మాట ఉంది. పొడి బూడిదలో కనీసం 20 శాతం ఇటుకలు, బ్లాకులు, టైల్స్ చేసే యూనిట్లకు ఉచితంగా, మిగతా అందరికంటే ముందు ఇవ్వాలి. బూడిద అమ్మిన సొమ్ము వేరే ఖాతాలో పెట్టి, బూడిద వాడకం పెంచే పనులకే ఖర్చు పెట్టాలి. 2016లో 100 కిలోమీటర్ల దాకా రవాణా ఖర్చు కేంద్రమే భరించాలన్నారు.

చదువుతుంటే కడుపు నిండుతుంది. యర్రగుంట్ల, ముద్దనూరు మండలాల్లో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కుర్రాళ్లు ఎందరున్నారో ఆ మండలాల్లో తిరిగిన వాళ్లకు తెలుసు. బూడిద ఇటుకకు బట్టీ అక్కర్లేదు, కట్టెలక్కర్లేదు. బూడిద, సున్నం, జిప్సం, రాతిపొడి, ఒక ప్రెస్సు, నాలుగు వారాలు నీళ్లు చల్లడం. చెరువు మట్టి, చేను మట్టి మిగులుతాయి. ఉచితంగా రావాల్సిన ఆ 20 శాతం ఊరూరా యూనిట్లకు చేరి ఉంటే, ఈ ముప్పై ఏళ్లలో అక్కడ ఒక పరిశ్రమ నిలబడి ఉండేది. చేరిందో లేదో లెక్క చూపమని అడిగిన నాయకుడు ఒక్కడు లేడు. ఇన్నేళ్లు ఈ పత్రికల్లో పనిచేస్తూ నేనూ అడగలేదు.

2021 డిసెంబరు 31న పాతవాటన్నిటి స్థానంలో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది అదే. పుట్టిన బూడిద నూటికి నూరు పాళ్లు వాడాలి, చెరువుల్లో పేరుకున్న పాత బూడిదను పదేళ్లలో తరలించాలి, వాడకుండా మిగిల్చిన దానికి టన్నుకు 1,000 రూపాయలు పర్యావరణ పరిహారం కట్టాలి. గట్టి చట్టమే. మరి ఆ వెయ్యి రూపాయలు ఎవరికి? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఖాతాకు. దగ్గు పాలూరిది, పరిహారం ఢిల్లీది! సున్నపురాయి తవ్వితే 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి అని ఒకటి ఉంది, పేరుకైనా తవ్విన జిల్లాకు వాటా వస్తుంది. బూడిద పోసిన ఊరికి అట్లాంటి నిధి ఎందుకు లేదు? ఎద్దు పుండు కాకికి నొప్పా?

గుట్ట చౌక, కుప్ప ఖరీదు

బూడిదొక్కటే అయితే ఇంత రాయను. యర్రగుంట్ల నుంచి జమ్మలమడుగు, తాడిపత్రి, కొలిమిగుండ్ల, బనగానపల్లె, బేతంచెర్ల దాకా నాపరాయి గనుల వెంట పోయి చూడండి. గని గట్టు మీద విరిగిన రాయి కుప్పలు, పాలిష్ ఫ్యాక్టరీ పక్కన తెల్లటి బురద. మిషను కింద బండ నున్నబడుతుంటే నీళ్లతో పాటు కారేది ఆ బురద. ఎండితే పొడి. వానొస్తే వంకల్లోకి.

ఆ బురద ఏమిటి? సున్నపురాయి పొడి. పక్కనే ఉన్న సిమెంటు ఫ్యాక్టరీ దేన్ని తవ్వి, పగలగొట్టి, పిండి చేసి కాలుస్తుందో దాదాపు అదే. టన్ను క్లింకర్‌కు టన్నున్నర సున్నపురాయి కావాలి. ఒకడు రాయిని కోట్లు పెట్టి పొడి చేస్తున్నాడు, ఇంకొకడు పొడిని వంకలో పారబోస్తున్నాడు. ఇద్దరి మధ్య దూరం పది, ఇరవై కిలోమీటర్లు. మరి ఎందుకు కలవరు?

కంపెనీలవాళ్లు చెప్పే కారణాలు ఉన్నాయి. అన్నీ అబద్ధాలు కావు. బురదలో తేమ ఎక్కువ, ఆరబెట్టాలి. ఒక్కో గని రాయిలో ఇసుక పాలు ఒక్కో రకం, కొలిమికి ఎప్పుడూ ఒకే తీరు సరుకు కావాలి. వందల చిన్న యూనిట్ల నుంచి పోగేయాలి. అన్నీ నిజమే. అసలు నిజం ఇంకోటుంది. వాళ్ల చేతిలో లీజు గుట్ట ఉంది. గుట్ట తవ్వడం చౌక, కుప్ప ఎత్తడం ఖరీదు. ఆ లెక్క మారనంత కాలం ఏ ఉపన్యాసానికీ చక్రం తిరగదు. కుప్ప వాడిన టన్నుకు రాయల్టీ తీసేయండి, కొత్త గుట్ట తవ్విన టన్ను మీద ఒక పన్ను వేయండి. మర్నాడే ఫ్యాక్టరీ ముందు బురద ట్రాక్టర్లు బారులు తీరుతాయి. ఏది చెత్త, ఏది సరుకు అనేది రాయి లోపల రాసిపెట్టి లేదు. మంగంపేట ముగ్గురాయినే చూడండి. చమురు బావులకు ముగ్గురాయి సాంద్రత 4.2 ఉండాలనేవాళ్లు. 2010లో అమెరికా చమురు సంస్థల ప్రమాణం 4.1 రకాన్ని కూడా ఒప్పుకున్నది. రాయి మారలేదు. ప్రమాణం మారింది, నిన్న పక్కన పోసినదానికి గిరాకీ పుట్టింది.

ప్రమాణం, రాయల్టీ, అనుమతి... ఇవి నిర్ణయించేది ఎవరు? ఖనిజాభివృద్ధి సంస్థ విజయవాడలో. జెన్‌కో విజయవాడలో. కాలుష్య నియంత్రణ మండలి విజయవాడలో. చెత్త మాత్రం ఇక్కడ. ప్రత్యేక రాష్ట్రం ఎందుకని అడిగేవాళ్లకు నా జవాబు సగం ఇక్కడే ఉంది.

తిప్పకూడని చక్రం

ఒక హెచ్చరిక కూడా రాయాలి. అన్నిటినీ చక్రంలో పెట్టి తిప్పేస్తామనే ఉత్సాహవంతులు మన ఉద్యమంలోనూ ఉన్నారు. తుమ్మలపల్లె సంగతేమిటి మరి? వేముల మండలంలోని ఆ యురేనియం గనిలో వెయ్యి కిలోల రాయి తవ్వితే అర కిలో యురేనియం కూడా రాదు. మిల్లు సామర్థ్యం రోజుకు 3,000 టన్నులు. అంటే తవ్విందాంట్లో దాదాపు అంతా వ్యర్థమై చెరువులోకి పోతుంది. యురేనియం తీసుకుపోతారు, రేడియం ఆ బురదలోనే ఉంటుంది. అందులో సగం తరగడానికే 1,600 ఏళ్లు పడుతుంది. రాయలవారి కాలం నుంచి ఇప్పటికి 500 ఏళ్లే!

చెరువు ఊట బోర్లలోకి వస్తోందని, అరటి తోటలు చెడుతున్నాయని కొట్టాల, కనంపల్లె, మబ్బుచింతలపల్లె రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. 2019లో కాలుష్య నియంత్రణ మండలి నోటీసు ఇచ్చేదాకా పోయింది. అంతా సవ్యంగానే ఉందన్నది సంస్థ మాట. ఈ బురదను ఇటుక చేస్తామనో, రోడ్డు వేస్తామనో ఎవడైనా వస్తే ఊరి పొలిమేరలోనే ఆపాలి. దీనికి కావాల్సింది మరలా వాడటం కాదు. అడుగున గట్టి పొర, చుట్టూ బోర్లలో నెలనెలా నీళ్ల పరీక్ష, ఆ ఫలితాలు పంచాయతీ గోడ మీద తెలుగులో. గని మూసిన తర్వాత వందల ఏళ్లు కాపలా కాసే ఖర్చు ఇప్పుడే జమ. అది కేంద్రం సొత్తు, కేంద్రం బాధ్యత. రాష్ట్రం చిన్నదైతే ఆ బాధ్యత మన మీదకు జారకుండా ముందే కాగితం రాయించుకోవాలి.

పచ్చ కరెంటు అంటున్న సోలారు కూడా అంతే. గని, శకునాల దగ్గర 2017లో 1,000 మెగావాట్ల పార్కు లేచింది. పలకకు 300 వాట్లు వేసుకున్నా 33 లక్షల పలకలు, పలక 20 కిలోలు అనుకున్నా 66 వేల టన్నులు. ఎన్.పి.కుంట, మైలవరం వేరే. ఆయుస్సు పాతికేళ్లు. గాజు, సిలికాన్, సీసం టాంకా, కాస్త వెండి, అన్నీ ప్లాస్టిక్ పొరల మధ్య అతుక్కుని ఉంటాయి, విడదీయడం కష్టం. 2022 ఈ-వేస్ట్ నిబంధనలు 2034-35 దాకా పాత పలకలను భద్రంగా దాచిపెట్టుకోమని తయారీదారులకు చెప్పాయి. ఆ తర్వాత? భూములు మనవి, ఎండ మనది. కరెంటు తీసుకున్న వాళ్లు పలకలు వెనక్కి తీసుకుపోతారని ఇప్పుడే రాయించుకోకపోతే, బూడిద కథే గాజుతో మళ్లీ నడుస్తుంది.

రాష్ట్రమొస్తే అన్నీ పోతాయా?

పోవు. ఈ మాట రాస్తే కొందరు మిత్రులకు కోపం వస్తుంది. రానీ. 2000లో జార్ఖండ్ వచ్చింది, జాదుగూడ వ్యర్థాల చెరువులు అక్కడే ఉన్నాయి. 2014లో తెలంగాణ వచ్చింది. పాల్వంచలో పాత థర్మల్ కేంద్రం మూసేసి, దాని ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో క్షణాల్లో కూల్చేశారు. టీవీల్లో అందరం చూశాం. టవరును పేల్చవచ్చు. ముప్పై, నలభై ఏళ్ల బూడిదను పేల్చి మాయం చేయలేరు.

అందుకే బేరం ముందే ఆడాలంటున్నాను. కరెంటును వాడకం లెక్కన పంచుకోవడం న్యాయమైతే, పాత బూడిద తరలించే ఖర్చును కూడా వాడకం లెక్కనే పంచుకోవాలి. 1994 నుంచి 2014 దాకా ఒక లెక్క, ఆ తర్వాత ఇంకో లెక్క. ఏ ప్రాంతం ఎన్ని యూనిట్లు వాడిందో డిస్కంల పుస్తకాల్లో ఉంది. చెరువుల్లో ఎన్ని లక్షల టన్నులుందో కొలిస్తే తేలుతుంది. గుణకారం మూడో తరగతి పిల్లాడు చేస్తాడు. ఆ సొమ్ము ఢిల్లీకో విజయవాడకో కాక, బూడిద పడ్డ మండలాల ఖాతాకు రావాలి. ముద్ద బూడిద మీద మొదటి హక్కు ఆ మండలాల ఇటుక యూనిట్లకు, పొదుపు సంఘాలకు ఉండాలి, టోకెను గ్రామసభ ఇవ్వాలి. ప్రభుత్వ ఇళ్లు, పాఠశాలల గోడలు ఆ ఇటుకలతో కట్టాలి. అప్పుడు లారీ ఏ నాయకుడిదన్న కొట్లాటే ఉండదు.

వచ్చే నెల ఆ ఊరికి మళ్లీ పోతున్నాం. శ్రీబాగ్ కాగితంతో పాటు ఈసారి ఇంకో కాగితం పట్టుకుపోతాం. అందులో మూడు గళ్లు గీశాం. కరెంటు, ప్లాంటు, బూడిద. మొదటి రెండూ నిండాయి. మూడోదాని కోసం సమాచార హక్కు కింద అర్జీలు రాశాం. చెరువులో నిల్వ ఎంత, ఏటా ఎవరు ఎన్ని టన్నులు తీసుకుపోయారు, ఇటుక యూనిట్లకు ఉచితంగా పోయింది ఎంత అని. రాసిన అర్జీలు అయిదు. ఒకటి కేంద్రానికి, ఒకటి జిల్లా ఆఫీసుకు. మిగతా మూడూ విజయవాడకే రిజిస్టరు పోస్టు చేశాం.